బిడ్డ దగ్గరికే లైటు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

బాలింతను, బిడ్డను స్టూడియోకు రప్పించడం ఎందుకు, లైట్లే ఇంటికి పట్టుకెళ్దాం అనుకునే ఫొటోగ్రాఫర్లు తిరుపతి, చిత్తూరు ప్రాంతాల నుంచి మాకు రాస్తున్నారు. సొంతంగా ఫోనుతో తీసుకునే అమ్మానాన్నలూ రాస్తున్నారు. ఈసారి శీర్షిక మొత్తం వారికే.

ప్రశ్న: పది రోజుల బిడ్డకు ఇంటికొచ్చి ఫొటోలు తీయమని అడుగుతున్నారు. ఇన్నాళ్లూ పెళ్లిళ్లే తీశాను. కెమెరా, రెండు పాత స్పీడ్‌లైట్లు ఉన్నాయి. ఇంకా ఏం కొనాలి, ఎలా పెట్టుకోవాలి?
— ఒక ఫొటోగ్రాఫరు, కొర్లగుంట, తిరుపతి

జవాబు: పసికందుకు ఒక్క లైటు చాలు. రెండో స్పీడ్‌లైటును (కెమెరా మీద బిగించే చిన్న ఫ్లాష్) సంచిలోనే ఉంచండి, మొదటిది మొరాయిస్తే పనికొస్తుంది. కొనాల్సినవి నాలుగు: వెలుగును మెత్తబరిచే గుడ్డ పెట్టె, అంటే 90 సెంటీమీటర్ల ఎనిమిది పలకల సాఫ్ట్‌బాక్సు (లేదా 60×90 సైజుది), స్పీడ్‌లైటును దానికి బిగించే బ్రాకెట్టు, గట్టి స్టాండు, కెమెరా నొక్కగానే దూరంలోని ఫ్లాష్‌ను వెలిగించే రేడియో ట్రిగ్గరు. తర్వాత చేతిలో డబ్బు ఆడినప్పుడు గోడాక్స్ ఏడీ 200 లాంటి 200 వాట్-సెకన్ల బ్యాటరీ లైటు తీసుకుంటే సాఫ్ట్‌బాక్సు, స్టాండు అవే సరిపోతాయి. ఇవి కాక మీటరు పొడవు, అర మీటరు వెడల్పు ఉండే తెల్ల థర్మాకోల్ షీటు ఒకటి స్టేషనరీ కొట్లో కొనుక్కోండి. ఒక వైపు నల్లరంగు వేయండి. తెల్లవైపు నీడను తేలికపరుస్తుంది, నల్లవైపు నీడను చిక్కబరుస్తుంది. రిఫ్లెక్టరుకు విడిగా ఖర్చు పెట్టనక్కర్లేదు.

ఇక అమరిక. పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్లు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే. నిలబడిన మనిషికి లైటు ఎదురుగా, తల కంటే ఎత్తులో పెడతాం. అదే అలవాటుతో పడుకున్న బిడ్డకు కాళ్ల వైపు నుంచి వెలుగు పెడితే గడ్డం కింద నుంచి మొహం మీదికి లైటు పడుతుంది. ముక్కు రంధ్రాలు వెలిగిపోతాయి, కళ్ల మీద బుగ్గల నీడ పడుతుంది, నిద్రపోతున్న బిడ్డ మొహం వింతగా కనిపిస్తుంది. పడుకున్న బిడ్డకు వెలుగు ఎప్పుడూ నుదుటి నుంచి గడ్డం వైపు జారాలి. తల ఉన్న వైపున, కాస్త పక్కకు, 45 డిగ్రీల కోణంలో సాఫ్ట్‌బాక్సు ఉంచండి. ముక్కు నీడ చూడండి. అది పై పెదవి వైపు చిన్నగా వాలితే లైటు సరైన చోటే ఉంది. కనుబొమ్మల వైపు పాకితే లైటు కాళ్ల వైపుకు వచ్చేసిందన్నమాట. బిడ్డ తల తిప్పితే లైటునూ తిప్పుకోవాలి. నిద్రలో ఉన్న బిడ్డను లైటు కోసం కదపకండి.

దూరం: సాఫ్ట్‌బాక్సు ముందు గుడ్డ నుంచి బిడ్డ మొహానికి దాదాపు ఒక మీటరు. 90 సెంటీమీటర్ల బాక్సు మీటరు దూరంలో ఉంటే బిడ్డకు అది పెద్ద కిటికీతో సమానం. అదే బాక్సును మూడు మీటర్లు వెనక్కి జరిపితే చిన్న లాంతరు అవుతుంది, నీడల అంచులు కత్తితో గీసినట్టు పడతాయి. మెత్తదనం సాఫ్ట్‌బాక్సు పేరులో లేదు, బిడ్డ ఉన్న చోటు నుంచి అది ఎంత పెద్దగా కనిపిస్తుందో దాన్నిబట్టి వస్తుంది.

మొదలు పెట్టడానికి ఈ అంకెలు తీసుకోండి: ఐఎస్ఓ 200, షట్టరు 1/160, అపర్చరు ఎఫ్ 5.6, స్పీడ్‌లైటు మాన్యువల్లో 1/16 పవరు (పూర్తి పవరులో పదహారో వంతు). 200 వాట్-సెకన్ల లైటయితే ఐఎస్ఓ 100 దగ్గర అదే 1/16 సరిపోతుంది. సాఫ్ట్‌బాక్సు గుడ్డ మందాన్నిబట్టి ఒక స్టాపు (వెలుగు రెట్టింపు కావడం లేదా సగమవడం) అటూ ఇటూ అవుతుంది. ఎఫ్ 1.8 లో తీయాలన్న సరదా పసికందు దగ్గర వద్దు. కనురెప్పలు స్పష్టంగా వచ్చి ముక్కు కొన మసకబారుతుంది.

గదిలోకి వెళ్లగానే ట్యూబులైటు, పసుపు బల్బు, జీరో బల్బు అన్నీ ఆపించండి. గోడల రంగు చూడండి. మన ఇళ్లలో చిలకపచ్చ, గులాబీ, వంకాయ రంగు గోడలు మామూలే. చిన్న గదిలో ఫ్లాష్ ఆ గోడకు తగిలి బిడ్డ చెంప మీదికి ఆ రంగునే తెస్తుంది. రంగు గోడకూ బిడ్డకూ మధ్య మీ థర్మాకోల్ తెల్లవైపు నిలబెడితే చాలావరకు తగ్గుతుంది. దేవుడి గది ఉన్న హాల్లో కంటే తెల్లగోడలున్న పడకగది నయం.

భద్రత విషయంలో మొహమాటం వద్దు. సాఫ్ట్‌బాక్సు ఎక్కించిన స్టాండు తలబరువుతో ఉంటుంది. మూడు కాళ్లలో ఒక కాలు లైటు వాలిన వైపే ఉండాలి, స్టాండు మీద కనీసం ఐదు కిలోల బరువు వేలాడాలి. ఇసుక సంచి తేవడం మరిచిపోతే ఆ ఇంట్లోని ఐదు కిలోల బియ్యం సంచి అడగండి, ఎవరూ కాదనరు. బిడ్డ పైకి నేరుగా వచ్చేలా, స్టాండు నుంచి అడ్డంగా చాచే బూమ్ కడ్డీకి లైటు వేలాడదీయకండి, ఎంత బిగించినా సరే. బిడ్డకు చేతికి అందే దూరంలో ఒక పెద్దమనిషి కూర్చుని ఉండాలి. చేతుల మీద గడ్డం ఆనించుకుని బిడ్డ తనంతట తానే కూర్చున్నట్టు కనిపించే భంగిమ ఒకటి చాలామంది అడుగుతారు. అది రెండు ఫొటోలను కలిపి చేసేది. ఒక ఫొటోలో తల్లి చేయి తలను పట్టుకుని ఉంటుంది, రెండో దాంట్లో మణికట్లను. కంప్యూటర్లో చేతులు చెరిపేస్తారు. కలిపే పని రానివారు ఆ భంగిమ జోలికే పోకూడదు.

ఐదో రోజు నుంచి రెండు వారాల లోపు పిల్లలు గాఢంగా నిద్రపోతారు కాబట్టి ఆ రోజులే ఎక్కువమంది ఎంచుకుంటారు. బట్టలు తక్కువగా ఉన్న ఫొటోలకు గది 26 నుంచి 28 డిగ్రీలు ఉండాలి. మే నెల తిరుపతిలో దీనికి హీటరు అక్కర్లేదు, ఏసీ గాలి నేరుగా బిడ్డ మీద పడకుండా చూసుకుంటే చాలు. మార్గశిరం, పుష్యం తెల్లవారుజాముల్లో మాత్రం పొత్తిళ్లు విప్పకండి. పురిటి స్నానం తర్వాత సాంబ్రాణి పొగ ఫొటోలో అందంగా ఉంటుందని ఎవరైనా అడిగితే వద్దని చెప్పండి. పసివాళ్ల ఊపిరితిత్తులకు ఆ పొగ మంచిది కాదు.

ప్రశ్న: ఫ్లాష్ వేస్తే పసిబిడ్డ కళ్లు పాడవుతాయని మా అత్తగారు ఫొటోలే వద్దంటున్నారు. నిజమేనా?
— ఒక పాఠకురాలు, పుత్తూరు

జవాబు: మీ అత్తగారి జాగ్రత్త తప్పు కాదు. కానీ నెలలు నిండి పుట్టిన, ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు మామూలు కెమెరా ఫ్లాష్ వల్ల చూపు దెబ్బతినదని కంటి వైద్యులు చెబుతారు. ఆ వెలుగు తక్కువ పవర్లో సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు, సాఫ్ట్‌బాక్సు గుడ్డలో వడకట్టుకుని వస్తుంది. నెలలు నిండకుండా పుట్టి, రెటీనా పరీక్షలు జరుగుతున్న బిడ్డయితే మాత్రం ముందు డాక్టరుగారిని అడగండి.

బిడ్డ ఉలిక్కిపడటం వేరే సంగతి. దానికి ఫొటోగ్రాఫరు చేయాల్సింది చిన్న పని: మొదటి నాలుగైదు ఫ్లాష్‌లు బిడ్డకు దూరంగా, గోడకేసి కొట్టాలి. లైటులోని బీప్ శబ్దం ఆపాలి. బిడ్డ మొహం మీద ఫోను టార్చి వేసి పట్టుకోవడం, విడి ఎల్ఈడీ బల్బు నిమిషాల తరబడి కళ్లలోకి చూపించడం మాత్రం మానాలి. బిడ్డ మొహం తిప్పుకుంటోందంటే తనకు ఇబ్బందిగా ఉందని అర్థం.

ప్రశ్న: తిరుమలలో పుట్టు వెంట్రుకలు తీయించి కిందికి వచ్చాక లాడ్జి గదిలో ఫొటోలు తీయమంటారు. ప్రతిసారీ గంధం పూసిన గుండు తెల్లగా మండిపోయి, మొహం నల్లగా వస్తోంది. పవరు తగ్గిస్తే మొహం ఇంకా నల్లబడుతోంది. ఏం చేయాలి?
— ఒక ఫొటోగ్రాఫరు, శ్రీకాళహస్తి

జవాబు: మన జిల్లాల ఫొటోగ్రాఫర్లకు తరచుగా ఎదురయ్యే సమస్య ఇది. అందుకే కాస్త వివరంగా చెబుతాం.

గంధం రెండు రకాలుగా ఇబ్బంది పెడుతుంది. తడిగా ఉన్నప్పుడు మెరుస్తుంది, లైటు ఆకారం గుండు మీద తెల్లటి మచ్చలా కనిపిస్తుంది. ఆరాక మెరుపు పోతుంది, కానీ పాలిపోయిన పసుపు రంగుకు మారి చర్మం కంటే చాలా ఎక్కువ వెలుగును వెనక్కి కొడుతుంది. మీ లైటు ఎత్తులో ఉండి కిందికి చూస్తోంది కాబట్టి, నడినెత్తికి వెలుగు నేరుగా తగులుతోంది. మొహానికి ఏటవాలుగా తగులుతోంది. నెత్తి లైటుకు దగ్గర కూడా. ఈ మూడూ కలిసి నెత్తికీ బుగ్గకూ మధ్య పెద్ద తేడా తెస్తున్నాయి. పవరు ఎంత మార్చినా రెండూ కలిసే పెరుగుతాయి, కలిసే తగ్గుతాయి, తేడా అలాగే ఉంటుంది. తేడాను పవరుతో కాదు, లైటు ఉన్న చోటుతో తగ్గించాలి.

ముందు లైటును దించండి. సాఫ్ట్‌బాక్సు మధ్యభాగం బిడ్డ కళ్ల ఎత్తుకు ఒక జానెడు పైన ఉంటే చాలు. తర్వాత బాక్సును బిడ్డ తలకేసి చూపించకుండా, బిడ్డ ముందు ఉన్న ఖాళీ వైపు కొంచెం తిప్పండి. బాక్సు నడుమ నుంచి వచ్చే బలమైన వెలుగు బిడ్డ ముందు నుంచి వెళ్లిపోతుంది, అంచు నుంచి వచ్చే తేలిక వెలుగు మొహాన్ని తడుముతుంది. అప్పటికీ నెత్తి మండుతుంటే అడుగు వెడల్పు నల్ల అట్టముక్క తీసుకుని సాఫ్ట్‌బాక్సు పై అంచుకు క్లిప్పుతో బిగించండి. పైభాగం నుంచి నెత్తికి వచ్చే వెలుగును అది కోస్తుంది. అట్టను రెండు అంగుళాలు ముందుకు లాగితే నీడ నుదుటి మీదికి దిగుతుంది, వెనక్కి తోస్తే పోతుంది. కెమెరాలో చూసుకుంటూ సరిపెట్టండి.

ఇప్పుడు కెమెరాలో తెల్లగా మండిన చోట్లు మినుకుమినుకుమనే హెచ్చరిక ఆన్ చేయండి. గుండు మీద ఆ మినుకు పోయేదాకా పవరు తగ్గించండి. మొహం ఇంకా నల్లగా అనిపిస్తే తెల్ల థర్మాకోల్‌ను బిడ్డ ఒడి ముందు, ఛాతీ ఎత్తులో, పైకి చూసేలా పెట్టండి. అది మొహాన్ని, గడ్డాన్ని, కళ్లను ఎత్తుతుంది, నడినెత్తిని అందుకోలేదు.

గంధం పూసిన వెంటనే మొదలుపెట్టకండి. అరగంట ఆరనివ్వండి. ఆరాక పెచ్చులు కనుబొమ్మల మీద, రెప్పల మీద రాలతాయి. పొడి మెత్తటి గుడ్డతో తల్లి చేతే, కంటికి దూరంగా తుడిపించండి. ఆటో వైట్ బ్యాలెన్సు (కెమెరా తనంతట తానే రంగులు సరిదిద్దుకోవడం) గంధం పసుపును చూసి మొహాన్ని నీలం వైపు లాగుతుంది, కాబట్టి 5500 కెల్విన్ దగ్గర కట్టేయండి. పక్క నుంచి పడే వెలుగు గుండు మీద కత్తి గాట్లను పైకి తీస్తుంది. గాట్లు ఉంటే లైటును కెమెరా వైపుకు జరపండి. పట్టు లంగా జరీ, మెడలో గొలుసు మెరిసి మచ్చలు పడుతుంటే లైటును కదిపే ముందు బిడ్డను అయిదు డిగ్రీలు తిప్పి చూడండి, చాలాసార్లు అదే సరిపోతుంది. దిష్టి చుక్కను తుడిపించకండి, ఫొటోలోనూ చెరపకండి. ఆ రోజు బిడ్డ ఎలా ఉందో అలాగే ఉండాలి.

లాడ్జి గదిలో గోడ దగ్గరే ఉంటుంది. బిడ్డ గోడకు ఆనుకుని కూర్చుంటే గుండు నీడ గోడ మీద రెండో తలలా కనిపిస్తుంది. కనీసం నాలుగడుగులు ముందుకు జరపండి. ఆలయంలోకి కెమెరా, ఫోను తీసుకెళ్లనివ్వరన్నది అందరికీ తెలిసిందే. అందుకని కుటుంబాలు ఫొటోలన్నీ చివరికి పెట్టుకుంటాయి. క్యూలో గంటలు గడిపి, నిద్రలేక, ఆకలితో ఉన్న బిడ్డను మీరెంత మంచి లైటు పెట్టినా నవ్వించలేరు. ముందు పాలు, తర్వాత నిద్ర, ఆ తర్వాతే ఫొటోలు అని ఒప్పుకునేటప్పుడే చెప్పేయండి. గంధం సాయంత్రం దాకా ఎక్కడికీ పోదు.

ప్రశ్న: మా పాప ఆరో నెలలో అన్నప్రాశన. ఫోనుతోనే తీస్తాను. ఫ్లాష్ లైట్లు ఫోనుతో పనిచేస్తాయా? ఎల్ఈడీ కొనాలా?
— ఒక తల్లి, పలమనేరు

జవాబు: స్టూడియో ఫ్లాష్‌లు మామూలుగా ఫోనుతో కలిసి వెలగవు. ఫోనుకు నిలకడగా వెలిగే ఎల్ఈడీయే మార్గం. కానీ కొనే ముందు మీ ఇంటి కిటికీ చూడండి. ఎండ నేరుగా పడని కిటికీ, దానికి అడ్డంగా ఉతికిన తెల్ల పంచె. అంతకు మించిన సాఫ్ట్‌బాక్సు దొరకదు. పాపను కిటికీకి మూడడుగుల దూరంలో, పక్కవాటుగా కూర్చోబెట్టండి. రెండో వైపు థర్మాకోల్ షీటు. నీలిమందు ఎక్కువగా పెట్టిన పంచె వద్దు, దాని గుండా వచ్చే వెలుగు చర్మాన్ని చల్లటి నీలం చేస్తుంది. రంగు అంచు పంచె అయితే అంచును మడిచేయండి.

ఎల్ఈడీ తప్పదనుకుంటే 60 వాట్లకు తక్కువ కాకుండా, రంగుల ఖచ్చితత్వం సీఆర్ఐ 95 కు పైన ఉన్నది తీసుకోండి. చౌక ఎల్ఈడీలు కంటికి నిలకడగా కనిపించినా లోలోపల మినుకుతాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ మినుకు సెకనుకు 100 సార్లు, ఫోనులో అడ్డ చారలుగా కనిపిస్తుంది. ఫోను ప్రో మోడ్‌లో షట్టరు 1/100 లేదా 1/50 పెడితే చారలు పోతాయి, కానీ 1/50 దగ్గర పాప చేయి కదిలితే మసక. అందుకే మినుకు లేని లైటు కొనడమే మేలు. ఎల్ఈడీని నేరుగా పాపకేసి చూపించకండి, తెల్లగోడకు కొట్టి వెనక్కి వచ్చే వెలుగును వాడుకోండి.

అన్నం ముద్ద నోటికి అందే క్షణంలో తినిపించే వారి చేయి నీడ పాప మొహం మీద పడుతుంది. వెలుగు పాపకు ఎడమవైపు ఉంటే, తినిపించే వారిని కుడివైపు కూర్చోబెట్టండి. ఫొటోలు చెడిపోయేది ఎక్కువగా దీనివల్లే, లైటు చాలక కాదు.

ప్రశ్న: ఏడాదిన్నర బాబు ఒక్కచోట ఉండడు. లైటు దగ్గరికి వస్తే మొహం తెల్లబారుతుంది, దూరం పోతే నల్లబడుతుంది. కొన్ని ఫొటోల్లో సగం ఫ్రేము నల్లగా వస్తోంది. కదిలినప్పుడు మసక కూడా.
— ఒక ఫొటోగ్రాఫరు, గ్రీమ్స్‌పేట, చిత్తూరు

జవాబు: మూడు సమస్యలు, మూడు కారణాలు.

వెలుగు దూరం వర్గాన్నిబట్టి తగ్గుతుంది, అంటే దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతే. లైటుకు ఒక మీటరు దూరంలో ఉన్న బాబు ఇంకో అర మీటరు వెనక్కి పోతే దూరం ఒకటిన్నర రెట్లయింది, వెలుగు రెండుంబావు రెట్లు తగ్గింది. అంటే ఒక స్టాపుకు పైనే. లైటు మొదటే రెండు మీటర్ల దూరంలో ఉంటే, అదే అర మీటరు కదలికకు తగ్గేది మూడింట రెండు వంతుల స్టాపు లోపే. పసికందుకు చెప్పిన మీటరు సూత్రం నడిచే పిల్లలకు వర్తించదు. లైటును వెనక్కి జరపండి, మెత్తదనం పోకుండా సాఫ్ట్‌బాక్సు పెద్దది చేయండి: 120 సెంటీమీటర్లది. అది లేకపోతే అంతకన్నా మంచి దారి ఉంది. లైటును మీ వెనక ఉన్న తెల్ల గోడ, పైకప్పు కలిసే మూలకు తిప్పి కొట్టండి. గోడంతా సాఫ్ట్‌బాక్సు అవుతుంది, గదిలో ఎక్కడ నిలబడ్డా వెలుగు దాదాపు ఒకటే. దీనికి రెండు మూడు స్టాపులు అదనంగా కావాలి. ఐఎస్ఓ 400 కు వెళ్లి, 200 వాట్-సెకన్ల లైటును 1/4 దగ్గర ఉంచండి, చాలకపోతే ఐఎస్ఓనే ఇంకా పెంచండి. గోడ తెలుపు కాకపోతే ఈ దారి మూసుకుపోయినట్టే.

సగం ఫ్రేము నల్లబడటం షట్టరు వల్ల. మీ కెమెరా సింక్ వేగం (ఫ్లాష్‌తో కలిసి పనిచేసే అత్యధిక షట్టరు వేగం) 1/200 లేదా 1/250 అయి ఉంటుంది, మీరు 1/500 పెట్టి ఉంటారు. ఆ వేగంలో షట్టరు పూర్తిగా తెరుచుకునే క్షణమే ఉండదు, తెర నీడ ఫొటోలో పడుతుంది. 1/160 కు దించండి.

అంత నెమ్మది షట్టర్లో పరుగెత్తే బాబు మసకబారడా అంటారేమో. చీకటి గదిలో బాబును ఆపేది షట్టరు కాదు, ఫ్లాష్ వెలిగే క్షణం. మీకు మసక వస్తోందంటే గదిలో ఇంకో వెలుగు ఉంది. పరీక్ష సులువు: ట్రిగ్గరు ఆపి, అవే అంకెలతో ఒక ఫొటో తీయండి. దాదాపు నల్లగా రావాలి. బాబు ఆకారం కనిపిస్తోందంటే కిటికీ మూయాలి, లేదా ఐఎస్ఓ తగ్గించి ఆ మేరకు పవరు పెంచాలి. అయితే స్పీడ్‌లైట్లు, ఇప్పటి బ్యాటరీ లైట్లు చాలావరకు తక్కువ పవర్లోనే తక్కువ సేపు వెలుగుతాయి. ఫుల్ పవర్లో ఎక్కువ సేపు వెలిగి చేతివేళ్లను మసక చేస్తాయి. 1/4 దాటకుండా ఉంటే మంచిది. పవరు తక్కువయితే ఫ్లాష్ వెంటనే మళ్లీ సిద్ధమవుతుంది, నవ్వు రెండు సెకన్లు ఆగదు కదా.

నడిచే పిల్లాడున్న గదిలో స్టాండు దగ్గర ఒక మనిషి ఉండి తీరాలి. ఆ మనిషి ఫోను చూసుకోకూడదు.

ప్రశ్న: మామిడితోటలో పిల్లల ఫొటోలు తీస్తే మొహాలు పచ్చగా, జబ్బుపడినట్టు వస్తున్నాయి. ఎడిటింగులో సరిచేస్తే బట్టల రంగు పోతోంది.
— ఒక పాఠకుడు, చంద్రగిరి

జవాబు: తోటలో పిల్లల మీద పడే వెలుగు ఆకుల గుండా వడకట్టుకుని వస్తుంది, కింది గడ్డి నుంచి మళ్లీ పచ్చగా పైకి లేస్తుంది. మొహం మీదికి తెల్లటి వెలుగు మీరే తేవాలి. పిల్లలను తోట అంచుకు, ఆకాశం కనిపించే వైపు మొహం ఉండేలా తీసుకురండి. కెమెరాలో తోట ఒక స్టాపు తక్కువ వెలుగుతో కనిపించేలా అంకెలు పెట్టి, ఫ్లాష్‌తో మొహాన్ని మామూలు స్థాయికి తెండి. ఫ్లాష్ ఎంత ముందుంటే పచ్చదనం అంత వెనకబడుతుంది. గడ్డి మీద తెల్లదో, గోధుమ రంగుదో దుప్పటి పరిచి దాని మీద కూర్చోబెడితే గడ్డం కింది పచ్చ సగానికి సగం పోతుంది.

ఆషాఢం గాలికి సాఫ్ట్‌బాక్సు తెరచాపే. ఇసుక సంచులను నమ్ముకోకండి, 60 సెంటీమీటర్ల చిన్న బాక్సును కర్రకు బిగించి ఒక మనిషి చేత పట్టించండి. ఎండ రోజుల్లో ఎనిమిదిన్నర లోపు ముగించండి. కొమ్మలకు ఎర్రచీమల గూళ్లు ఉన్నాయేమో ముందు చూడండి. చేతిలో కాయ పెట్టాలంటే అప్పుడే కోసింది వద్దు, తొడిమ దగ్గరి సొన పడితే పసిచర్మం కాలినట్టు అవుతుంది. కడిగి ఆరబెట్టిన కాయ ఇవ్వండి. మీ ఊరి కోటలో తీద్దామనుకుంటే అది పురావస్తు శాఖ పరిధిలో ఉంది, ట్రైపాడు, స్టాండు లాంటివి తీసుకెళ్లే ముందు అనుమతి అడగండి.

ప్రశ్న: ట్రిగ్గరు కొన్నిసార్లు వెలిగిస్తుంది, కొన్నిసార్లు లేదు. బ్యాటరీలు కొత్తవే.
— ఒక ఫొటోగ్రాఫరు, రేణిగుంట

జవాబు: మీరు లైటుకు మరీ దగ్గరగా ఉండి ఉండొచ్చు. గోడాక్స్ ఎక్స్‌ప్రో లాంటి ట్రిగ్గర్ల మెనూలో దూరం ఎంపిక ఉంటుంది. అది 1–100 మీటర్లలో ఉంటే చేతి దూరంలో ఉన్న లైటు తప్పిపోతుంది. 0–30 మీటర్లకు మార్చండి. బారసాల ఫంక్షన్ హాల్లో ఇంకో ఫొటోగ్రాఫరు ఉంటే ఛానెలుతో పాటు ఐడీ నంబరు కూడా మార్చుకోండి. స్పీడ్‌లైటులో రీచార్జి అయ్యే నికెల్ సెల్లులు నాలుగూ ఒకే కంపెనీవి, ఒకేసారి కొన్నవి, ఒకేసారి చార్జి చేసినవి అయి ఉండాలి. ఒక్క నీరసం సెల్లు మిగతా మూడింటినీ లాగేస్తుంది. లిథియం బ్యాటరీని ఎండలో నిలిపిన కారులో వదలకండి.

ప్రశ్న: రెండేళ్ల పాప ఫొటోల్లో కుడి కన్ను ఎర్రగా, ఎడమ కన్ను తెల్లగా మెరుస్తోంది. రెండు మూడు ఫొటోల్లో అలాగే ఉంది. ఇది లైటు తప్పా? ఎలా సరిచేయాలి?
— ఒక తండ్రి, తిరుపతి

జవాబు: దీన్ని ఎడిటింగులో సరిచేయకండి. ముందు పాపను కంటి డాక్టరుకు చూపించండి, ఈ వారంలోనే.

ఫ్లాష్ లెన్సు పక్కనే ఉన్నప్పుడు వెలుగు కంటి వెనక పొరకు తగిలి ఎర్రగా తిరిగి వస్తుంది. రెండు కళ్లూ ఒకేలా ఎర్రగా ఉండాలి. ఒక కన్ను తెల్లగానో, పసుపుగానో మెరవడం కొన్నిసార్లు పాప పక్కకు చూసినప్పుడు వెలుగు కంటి నరం మొదలుకు తగలడం వల్ల జరుగుతుంది, అది ప్రమాదం కాదు. కానీ పుట్టుకతో వచ్చే శుక్లం, మెల్లకన్ను, చిన్నపిల్లలకు వచ్చే కంటి క్యాన్సరు రెటినోబ్లాస్టోమా కూడా ఇలాగే బయటపడతాయి. ఈ క్యాన్సరు ఎక్కువగా ఐదేళ్ల లోపు పిల్లల్లోనే వస్తుంది. తొందరగా పట్టుకుంటే ప్రాణాన్ని, చాలామందిలో చూపునూ కాపాడవచ్చు. ఏది అన్నది కనుపాప పెద్దది చేసి చూసే పరీక్షలోనే తేలుతుంది. తిరుపతిలోనే అరవింద్ కంటి ఆసుపత్రి ఉంది, దూరం పోనక్కర్లేదు.

ఫొటోగ్రాఫర్లకు ఒక మాట. పక్కనుంచి సాఫ్ట్‌బాక్సుతో తీస్తే కళ్లలో ఈ ఎరుపు, తెలుపు రెండూ కనిపించవు, ఎందుకంటే వెలుగు లెన్సులోకి తిరిగి రాదు. కాబట్టి మీ ఫొటోల్లో లేదు కదా అని ఆ తల్లిదండ్రులకు ధైర్యం చెప్పకండి. ఫోనులోని రెడ్-ఐ సవరణ కూడా దీన్ని దాచేస్తుంది.

ఆ రెండు మూడు ఫొటోలను చెరపకుండా, కత్తిరించకుండా, ఫోనులో ఉన్నవి ఉన్నట్టే డాక్టరుగారికి చూపించండి. ఏ తేదీన తీశారో, పాప అప్పుడు ఎటు చూస్తోందో కూడా చెప్పండి.